చేతులు మారితే పాపం మాయమవుతుందా?



క్రిస్మసు దగ్గర పడిందంటే ప్రతి ఇంటా కొత్త బట్టల ఊసు మొదలవుతుంది. అంగడికి వెళ్తాం, బేరమాడతాం, డబ్బు చెల్లించి రశీదు తీసుకుంటాం. ఎవరినీ మోసగించలేదు, ఎవరి సొమ్మూ దొంగిలించలేదు కనుక మన మనస్సాక్షి నిశ్చింతగా ఉంటుంది. పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు ఏడవ ఆజ్ఞ విషయంలో చెప్పుకోవలసినది ఏమీ లేదనుకుంటాం. అయితే ఆ చొక్కా మనదాకా వచ్చేలోపు ఎన్ని చేతులు మారింది? వాటిలో ఒకరికి న్యాయంగా రావలసిన కూలి మధ్యలో ఎక్కడో మాయమై ఉంటే, ఆ పాపం ఎవరి లెక్కలోకి వెళ్తుంది? ఈ వారం ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచించదలచాను.

పూర్వం మన ఊళ్లలో బట్ట నేసినవారు ఎవరో, దానిని కుట్టిన దర్జీ ఎవరో అందరికీ తెలుసు. నేడు ఒక దేశంలో పండిన పత్తి మరొక దేశంలో నూలై, బట్టై, ఇంకొక దేశంలో చొక్కాగా తయారై, నాలుగో దేశంలో అమ్ముడవుతుంది. దీనిని సప్లై చెయిన్ అంటున్నారు. ఎక్కడ చవకగా దొరుకుతుందో అక్కడ కొనడం, అనుకున్న తేదీకి సరుకును ఓడ ఎక్కించడం, సరిహద్దులు దాటించి అంగడికి చేర్చడం ఇప్పుడొక పెద్ద విద్య. మన విచారణల్లో పెరిగిన బిడ్డలెందరో హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఇటువంటి ఉద్యోగాలు చేస్తున్నారు. ఇది గౌరవప్రదమైన పని. దేశాల మధ్య సరుకు నడిస్తేనే ఎన్నో కుటుంబాలకు జీవనం గడుస్తుంది. కాబట్టి వ్యాపారమే పాపమని ఎవరూ అనుకోనక్కరలేదు. గొలుసు పొడుగైనకొద్దీ బాధ్యత ఏమవుతోందన్నదే మనం చూడవలసినది.

దూరదేశాల మాట తరువాత, ముందు మన నేల సంగతి చూద్దాం. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్యనున్న నడిగడ్డలో, గద్వాల చుట్టుపక్కల, అలాగే కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. ఇది మామూలు పత్తి సాగు వంటిది కాదు. ఆడ మొక్క మీది ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి అందులోని పుప్పొడి భాగాన్ని తీసివేయాలి. మరునాడు ఉదయం మగ మొక్క పువ్వును తెచ్చి దానికి అద్దాలి. దీనినే క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలపాటు ప్రతి దినం, ప్రతి పువ్వుకూ ఇదే పని. యంత్రం చేయలేనిది కనుక సాగు ఖర్చులో పెద్ద వాటా కూలికే పోతుంది. 1990ల నాటికి, ఆ తరువాత కూడా, ఈ పనికి ఎక్కువగా పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను పెట్టేవారు. తల్లిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి, బిడ్డను బడి మాన్పించి, పురుగుమందు చల్లిన చేలలో పొద్దస్తమానం నిలబెట్టేవారు. పెద్దలకిచ్చే దానికన్నా తక్కువ కూలి ఇస్తే సరిపోయేది.

ఆ విత్తనం చివరికి ఎవరి పేరుతో అమ్ముడయ్యేది? మన దేశపు కంపెనీలతోపాటు ఐరోపాలో, అమెరికాలో ప్రధాన కార్యాలయాలున్న కంపెనీల పేర్లతో కూడా. కంపెనీ సీడ్ ఆర్గనైజరుతో మాట్లాడుకునేది, ఆర్గనైజరు రైతుతో ఒప్పందం చేసుకునేవాడు, రైతు కూలీలను కుదుర్చుకునేవాడు. సంగతి బయటపడినప్పుడు కంపెనీ "మేము ఏ పిల్లనూ పనిలో పెట్టుకోలేదు, రైతు పెట్టుకున్నాడు" అంది. రైతు "మీరిచ్చే ధరకు పెద్ద కూలీలను పెడితే నాకేం మిగులుతుంది?" అన్నాడు. తల్లిదండ్రులు "తీసుకున్న అప్పు తీరేదెలా?" అన్నారు. ప్రతివాడూ పక్కవాని వైపు వేలు చూపించాడు. ఎవరి మాటలోనూ పూర్తి అబద్ధం లేదు. కాని బడికి దూరమైన పిల్ల మాత్రం చేలోనే ఉండిపోయింది.

ఇక్కడ మనం గమనించవలసిన సత్యం ఒకటుంది. ధరను నిర్ణయించేవాడే కూలిని కూడా చాలావరకు నిర్ణయిస్తాడు. న్యాయమైన కూలి ఇచ్చి పండించడం వీలుకాని ధరను ఒకడు రైతు ముందు పెట్టి, "తక్కిన సంగతి నాకు తెలియదు" అంటే, ఆ తెలియకపోవడం అతడు తానుగా కోరి తెచ్చుకున్నది.

తిరుసభ ఈ విషయాన్ని చాలాకాలం క్రితమే తేల్చి చెప్పింది. 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన 'రేరుమ్ నోవారుమ్' విశ్వలేఖలో, పనివాడు ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదని, ఆకలికి భయపడి ఒప్పుకున్న ఒప్పందానికి పైన సహజ న్యాయం ఒకటి ఉందని బోధించారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో 'లాబోరెమ్ ఎక్సెర్చెన్స్' అనే విశ్వలేఖలో మరొక అడుగు ముందుకు వేశారు. పనివానితో నేరుగా ఒప్పందం చేసుకునే యజమాని ఒకడైతే, ఆ యజమాని ఎలా నడుచుకోగలడో నిర్ణయించే పరోక్ష యజమాని మరొకడు ఉంటాడని వివరించారు. ప్రభుత్వాలు, చట్టాలు, దేశాల మధ్య ఒప్పందాలు ఈ పరోక్ష యజమాని కిందికే వస్తాయి. పేద దేశాల ముడిసరుకుకు తక్కువ ధర కట్టి, తమ వస్తువులను ఎక్కువ ధరకు అమ్ముకునే పెద్ద సంస్థల ప్రస్తావన కూడా అందులో ఉంది. గద్వాల చేలలోని పిల్లకు ప్రత్యక్ష యజమాని రైతు. పరోక్ష యజమాని ధర కట్టిన కంపెనీ. అతడు సముద్రాల అవతల ఉన్నాడు గాని బాధ్యతకు అవతల లేడు.

ఈ గొలుసులో నష్టం ఎప్పుడూ కిందివాని మీదికే ఎలా జారుతుందో బంగ్లాదేశ్ మనకు చూపించింది. 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనానికి పగుళ్లు వచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మరునాడు పనిలోకి రమ్మన్నారు. ఏప్రిల్ 24 ఉదయం భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ఆ కార్మికులకు నెలకు 38 యూరోలు ముట్టేదని విని, అది బానిస చాకిరీ అని ఫ్రాన్సిస్ పోపుగారు మే 1వ తేదీ పూజలో బాధపడ్డారు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనా వచ్చినప్పుడు పాశ్చాత్య దేశాల కొనుగోలుదారులు అదే బంగ్లాదేశ్‌లో సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లను రద్దు చేశారు, లేదా ఆపివేశారు. ఈ వ్యాపారంలో సొమ్ము సాధారణంగా సరుకు ఓడ ఎక్కిన తరువాతనే వస్తుంది. ఫ్యాక్టరీవాడు అప్పటికే బట్ట కొన్నాడు, కొంత కుట్టించాడు కూడా. ఆర్డరు రద్దయ్యేసరికి కార్మికులు ఇళ్లకు పోవలసి వచ్చింది. లోకం నలుమూలల నుండి విమర్శలు వచ్చాక అనేక సంస్థలు తిరిగి చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అంటే చెల్లించగల శక్తి వారికి మొదటి నుండీ ఉన్నట్లే గదా!

అయితే, పాఠకులారా, మీరు అడగవచ్చు: "మేము చిన్నవాళ్లం. ఒక చొక్కా కొన్నందుకు ఇంత దూరాన జరిగిన పాపంలో మాకూ పాలు ఉందంటారా?" ఈ ప్రశ్నకు 18వ శతాబ్దపు వేదపండితుడు పునీత అల్ఫోన్సు లిగోరి వారి బోధన సాయపడుతుంది. ఇతరుల పాపంలో సహకారం అంతా ఒకే తరహాది కాదు. చెడును కోరి చేయి కలిపేవాడు ఒకడు. చెడును కోరకపోయినా తన పని వలన దానికి తోడ్పడేవాడు మరొకడు. ఈ రెండోవాని విషయంలో అతడు ఎంత దగ్గరగా ఉన్నాడు, ఎంత బలమైన కారణం ఉంది, ఆపగల శక్తి ఎంత ఉంది అని చూడాలి. ఆ లెక్కన కూలి డబ్బులతో బిడ్డకు పండుగ బట్టలు కొన్న తల్లి అపరాధ భావంతో కుమిలిపోనవసరం లేదు. ఆమె దూరంలో ఉంది, ఆమెకు తెలిసే మార్గం లేదు, ఆమె ఒక్కతే మార్చగలిగినదీ తక్కువే. కొనుగోలు ధరను రాసే బల్ల దగ్గర కూర్చున్నవానికి ఈ సాకులేవీ లేవు. నాసిరకం సరుకు వస్తే అది ఏ ఫ్యాక్టరీ నుండి వచ్చిందో కనిపెట్టగలిగిన సంస్థ, అదే ఫ్యాక్టరీలో కూలి ఎంత ముడుతుందో కనిపెట్టలేనంటే ఎలా నమ్మడం?

"అలాగైతే అటువంటి సరుకును మానేద్దాం" అనడం సులభం. కాని మంచి మనసు ఒక్కటే చాలదని చరిత్ర చెబుతోంది. పిల్లలు చేసిన సరుకు దిగుమతిని నిషేధించాలని 1992లో అమెరికా సెనేట్‌లో బిల్లు ప్రవేశపెట్టగానే బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలు భయపడి వేలాది పిల్లలను ఉన్నపళాన పంపివేశాయి. వారిలో చాలామంది బడికి వెళ్లలేదు. రాళ్లు కొట్టడం వంటి అంతకన్నా కష్టమైన పనుల్లోకి, కొందరు వీధుల్లోకి పోయారని యునిసెఫ్ తెలిపింది. 1995లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం, యునిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి, పిల్లలను పనిలో నుండి బడిలోకి మార్చే ఒప్పందం చేసుకున్న తరువాతనే దారి కొంత చక్కబడింది. తన చేయి కడుక్కొని వెళ్లిపోవడం న్యాయం కాదు. ఆ పని పిలాతు కూడా చేశాడు. సంబంధం తెంచుకోకుండా దానిని సరిదిద్దడమే కష్టమైన న్యాయం.

అలా సరిదిద్దిన ఆనవాళ్లు ఉన్నాయి. రాణా ప్లాజా తరువాత 2013 మే నెలలో కార్మిక సంఘాలతో కొనుగోలు సంస్థలు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం కుదుర్చుకున్నాయి. 200కు పైగా సంస్థలు అందులో చేరాయి. మన పత్తి విత్తన చేల విషయంలో కూడా, పిల్లలను పెట్టని రైతులకు అదనపు ధర చెల్లించడానికి కొన్ని కంపెనీలు ముందుకొచ్చాయి. ధర మారితే చేలో పరిస్థితి మారుతుందని వారే ఒప్పుకున్నట్లయింది. ఫ్రాన్సు 2017లో, జర్మనీ 2021లో, దేశం వెలుపలి సరఫరాదారుల దగ్గర జరిగే అన్యాయానికి కూడా పెద్ద సంస్థలు జాగ్రత్త వహించాలని చట్టాలు చేశాయి. మన దేశంలో 2016 సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధమైంది. బడి వేళల తరువాత కుటుంబపు పనిలో సాయపడవచ్చన్న మినహాయింపు మాత్రం మిగిలింది. ఆ సందులో నుండి ఏ పిల్లా చేలోకి జారిపోకుండా చూడవలసింది ఊరివాళ్లే, అంటే మనమే.

ఇక మన కుటుంబాల మాట. మీ కొడుకో కోడలో ఇటువంటి సంస్థలో కొనుగోలు విభాగంలో ఉంటే, జీతమెంత అని అడిగినట్లే, "మీరు కట్టే ధరకు అవతలివాడు న్యాయమైన కూలి ఇవ్వగలడా?" అని కూడా అడగండి. మీరు సీడ్ పత్తి వేసే రైతులైతే, చేలో బిడ్డలు ఉండరని ఆర్గనైజరుకు ముందే చెప్పండి, దానికి తగిన ధరను పది మంది కలిసి అడగండి. ఒక్కడి మాట చెల్లకపోయినా పది మంది మాట చెల్లుతుంది. దుకాణదారులైతే సరుకు ఎక్కడిదో తెలుసుకోండి. కొనేవారైతే, మరీ చవకగా దొరికిన వస్తువును చూసి సంబరపడేముందు, ఆ తక్కువైన డబ్బు ఎవరి చేతికి తక్కువైందో ఒక్క క్షణం ఆలోచించండి.

లూకా సువార్తలోని ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, అతని సొమ్ము దొంగిలించినట్లు కూడా సువార్త చెప్పదు. వాకిట పడి ఉన్నవానిని పట్టించుకోలేదు, అంతే. నేడు మన వాకిలి చాలా పొడుగైంది. అది ఢాకా దాకా, గద్వాల దాకా పోయింది. అంత దూరం మన కన్ను ఆనకపోవచ్చు. సర్వేశ్వరునికి మాత్రం ఆ గుమ్మమూ, అక్కడ కూర్చున్న లాజరూ స్పష్టంగా కనిపిస్తారు. ఈ ఆదివారం దివ్యబలిపూజలో అప్పాన్ని, ద్రాక్షరసాన్ని మానవుల శ్రమఫలంగా ఆయనకు అర్పించేటప్పుడు, ఆ శ్రమ చేసినవారికి ముట్టవలసినది ముట్టాలని కూడా ప్రార్థిద్దాం. మన చేతనైనంత మేరకు అది ముట్టేటట్లు చూద్దాం.