చందా తీసుకుంటే అప్పు చేసినట్టే

బిడ్డా, ఇట్లా వచ్చి అరుగు మీద కూర్చో. నువ్వు వారం వారం మెయిల్‌లో పంపే ఉత్తరానికి ఉగాది నుంచి చందా పెడతావని మీ అమ్మ చెప్పింది. రాసినవాళ్లు డబ్బులడగడం తప్పని నేననను. రాత్రుళ్లు మేలుకుని, నలుగురినీ అడిగి తెలుసుకుని, కోట గురించీ కంది ధర గురించీ మన తెలుగులో రాస్తున్నావు. బీదర్‌లో తెలుగు చదివేవాళ్లకి అదెంత ఆసరానో నాకు తెలుసు. దానికి కూలి గిట్టాల్సిందే. కాని ఒక్క మాట మనసులో పెట్టుకో. చందా తీసుకుంటే అప్పు చేసినట్టే. ఏడాది చందా చేతిలో పడిందంటే నువ్వు యాభై రెండు ఉత్తరాలు బాకీ పడ్డావు. డబ్బు ముందొచ్చింది, సరుకు నువ్వింకా ఇవ్వలేదు.

మా కాలంలో జీవిత చందా అని ఒకటి ఉండేది. ఒక్కసారి పెద్ద మొత్తం కడితే పత్రిక ఎప్పటికీ ఇంటికొస్తుందన్నమాట. నేనూ ఒక చిన్న పత్రికకి కట్టాను. మా అందరి డబ్బూ మొదటి ఏడాది కాగితానికీ ప్రెస్సుకే సరిపోయింది. ఆ తర్వాత మాకు ఊరికే పంపాలి, కొత్త చందాలేమో పోస్టు ఖర్చుకీ చాలవు. పత్రిక ఆగిపోయింది. సంపాదకుడు మంచివాడే, పైసా తినలేదు. అయినా సభల్లో మేం ఎదురుపడితే తల వంచుకుని పక్కకి వెళ్లిపోయేవాడు. ఆ తలవంపు నీకొద్దు. ఎవరెంత బతిమాలినా జీవిత చందా పెట్టకు. మూడు నెలలకి పెట్టు, మహా అయితే ఏడాదికి పెట్టు. తీర్చగలిగినంతే తీసుకో.

పత్రిక నడపడం నీకొక్కదానికే వచ్చిన చిక్కు కాదు. మన బీదర్ నిజాం రాజ్యంలో జిల్లాగా ఉన్న రోజుల్లో తెలుగు పత్రిక పెట్టడమంటే సాహసమే. రాజ్యం నడిచేది ఉర్దూలో. అప్పుడే ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రిక పెట్టారు. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఆయన ఊరూరి నుంచీ పద్యాలు రప్పించి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. చూశావా, పత్రికకి జనం ఇచ్చేది రూపాయలొక్కటే కాదు. ఇవాళ నీకు చందా కట్టలేని కుర్రాడు రేపు హుమ్నాబాద్ నుంచో ఔరాద్ నుంచో మంచి కబురు రాసి పంపొచ్చు. వాడి ముఖాన తలుపు వెయ్యకు.

అట్లాగని అన్నీ ఊరికే ఇమ్మనడం లేదు. చౌబారా దగ్గర బిదరీ పనివాళ్లని చూస్తూనే పెరిగావు కదా. లోహంలో వెండి తీగ పొదుగుతుంటే గడప దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా ఎవరూ పైసా అడగరు. కూజా ఇంటికి తీసుకెళ్తానంటే మాత్రం ధర చెప్తారు, సిగ్గుపడకుండా చెప్తారు. నువ్వూ అట్లా చెయ్యి. బస్సు ఆగిపోయిన కబురు, మంచినీళ్ల కబురు, పంట ధర, బడిలో చేర్చుకునే తేదీలు, చావు కబురు, ఇవి ఎవరికైనా అందాలి. వీటికి వెల కట్టకు. నౌబాద్‌లో నేల కింద తవ్విన ఆ పాత కరేజ్ నీటి సొరంగం గురించి నెల రోజులు తిరిగి రాస్తావు చూడు, దానికి అడుగు.

అసలు అడగకుండా ఉండడమూ ఒక దారే. ఈమాట పత్రికని అమెరికాలోని మనవాళ్లు 1998లో మొదలుపెట్టారు, చదవడానికి చందా లేదు. ఇంగ్లండులో గార్డియన్ పత్రిక వెబ్‌సైటులో తన వార్తలు అందరికీ తెరిచి ఉంచి, ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండని అడుగుతుంది. ఈ పద్ధతిలో అప్పు భారం తక్కువ. కాని ఇందులో రాబడి ఎంతొస్తుందో చెప్పలేం. అది నమ్ముకుని ఇల్లు నడపలేవు.

ఇల్లంటే గుర్తొచ్చింది. ఉద్యోగం మానేస్తానన్నావట? వద్దు తల్లీ. లెక్క వేసుకో. నూరు మంది ఏడాదికి 300 చొప్పున కడితే 30,000. సబ్‌స్టాక్ లాంటి చోట పెడితే అందులో పదో వంతు, 3,000 వాళ్లకి పోతుంది. డబ్బు చెల్లింపుకి ఇంకో కోత. నెలకి నీ చేతికి 2,250 కూడా రాదు. యూపీఐలో నేరుగా తీసుకుంటే ఆ పదో వంతు మిగులుతుంది, కాని ఎవరు కట్టారో, ఎవరి గడువు ఎప్పుడో నువ్వే పుస్తకంలో రాసుకోవాలి. రాసుకో, అదీ ఒక మంచి అలవాటే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. ఆంధ్రపత్రిక పెట్టింది 1908లో. ఆ మందుని సంగీత సభల్లో ఊరికే పంచేవారని చెప్తారు. జనానికి అలవాటైంది, కొన్నారు, ఆ రాబడే పత్రికని కాపాడింది. అంత పెద్దమనిషే ముందు ఇంట్లో పొయ్యి వెలిగే దారి చూసుకుని తర్వాత పత్రిక జోలికి వెళ్లారు. నీకెందుకంత తొందర?

ఇంకోటి. మొదటి ఇరవై చందాలు మేనమామలూ పిన్నులూ నీతో చదివినవాళ్లూ కడతారు. అవి మొహమాటపు చందాలు. వాటిని చూసి పొంగిపోకు. మొహమాటంతో కట్టినవాళ్లు రెండో ఏడు కట్టరు, పైగా పెళ్లిళ్లలో కనిపిస్తే నీకూ వాళ్లకీ ఇబ్బంది. చుట్టాలకి ఊరికే పంపు. నీ ముఖం ఎరగనివాళ్లు ఎంతమంది కట్టారో అది లెక్కపెట్టు. రెండో ఏడు మళ్లీ కట్టినవాళ్లని ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టు, నీ రాతకి అసలు ధర వాళ్లే చెప్తారు.

నెల నెలా దానంతటదే డబ్బు తీసుకునే ఏర్పాటు పెడితే ఆపుకునే దారి ఎదురుగా కనిపించాలి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం కూడా ఉంది, డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకి కబురు వెళ్లాలి. నియమం ఉందని కాదు, నువ్వే ముందు చెప్పు. మరిచిపోయిన మనిషి దగ్గర తీసుకున్న డబ్బు మనకి అచ్చిరాదు.

ఇక నీ సంగతి. పోయిన వానాకాలంలో రెండు వారాలు ఉత్తరం రాలేదు. జ్వరం వచ్చింది, నాకు తెలుసు. ఉచితంగా పంపుతున్నావు కాబట్టి ఎవరూ అడగలేదు. చందా కట్టినవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. ఇంట్లో పెళ్లో, ఆస్పత్రో, పంట పనో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. అందుకని నాలుగు ఉత్తరాలు ముందే రాసి దగ్గర పెట్టుకో. అవి లేకుండా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకు. అప్పు చేసేవాళ్లకి తీర్చే దారి ముందు తెలియాలి.

ఉగాదికొద్దు, దసరాకి మొదలుపెట్టు. అప్పటిదాకా ఒక్క వారం తప్పకుండా ఊరికే పంపు. తప్పలేదంటే అప్పుడు తలెత్తుకుని అడుగు, ఏడాదికి మూడు వందలని తేటగా చెప్పు, నసగకు. ఎప్పుడైనా మధ్యలో ఆపాల్సి వస్తే మిగిలిన నెలల డబ్బు లెక్కగట్టి, వాళ్లు అడగకముందే ఎవరిది వాళ్లకి తిరిగి పంపెయ్.