తండ్రి దొంగిలిన గొర్రె

మన చంద్రగిరి ప్రాంతపు పల్లెలలో మందనుండి ఒక గొర్రె పోయినయెడల తెల్లవారులోగా ఊరంతటికి తెలియును. దొంగిలినవాడు తండ్రియని కుమారునికి మాత్రమే తెలిసి, రచ్చబండ యొద్ద వానినే నిలువబెట్టి అడిగినయెడల వాడేమి చెప్పవలెను? తండ్రిని సన్మానింపుమను ఆజ్ఞయు, అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞయు నిర్గమకాండము 20వ అధ్యాయములో దగ్గరదగ్గరగానే యున్నవి.

ఈ ప్రశ్న చీనా దేశములో రమారమి 2500 సంవత్సరముల క్రిందటనే పుట్టినది. గొర్రెను తీసికొనిన తండ్రిమీద సాక్ష్యమిచ్చిన యథార్థవంతుడు తన సీమలో ఉన్నాడని ఒక అధిపతి కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551-479) ఎదుట గొప్పగా చెప్పెను. తమ సీమలో తండ్రి కుమారుని, కుమారుడు తండ్రిని కప్పుదురనియు, యథార్థత అందులోనే యున్నదనియు ఆయన బదులు చెప్పెను. తలిదండ్రులను దాచిన బిడ్డలను శిక్షింపరాదని క్రీ.పూ. 66లో అక్కడి చక్రవర్తి శాసనము చేసెను. 2012లో సవరింపబడిన ఆ దేశపు నేరవిచారణ చట్టమును తలిదండ్రులను, బిడ్డలను, దంపతులను సాక్ష్యమునకై బలవంతముగా కోర్టుకు రప్పింపరాదనుచున్నది.

పాశ్చాత్య తత్త్వమునకు పుట్టినిల్లయిన గ్రీకు దేశములో కథ వేరు. యూతిఫ్రో అనువాడు సొంత తండ్రిమీద నరహత్య ఫిర్యాదు తెచ్చెనని ప్లేటో వ్రాసెను. అచ్చట పోయినది గొర్రె కాదు. కూలివాడొకడు త్రాగి ఒక దాసుని చంపగా, తండ్రి వాని కాలుసేతులు కట్టించి గుంటలో పడవేయించి, ఏమి చేయవలెనో అడిగిరమ్మని ఏథెన్సుకు మనిషిని పంపి, కట్టుబడినవాని సంగతి పట్టించుకొనలేదు. పోయిన మనిషి తిరిగి రాకమునుపే కూలివాడు ఆకలిచేతను చలిచేతను చచ్చెను. చచ్చినవాడు పరాయివాడా బంధువా అని చూడరాదని కుమారుని వాదము. బంధువులు వానిమీద కోపపడిరి. సోక్రటీసు ఆశ్చర్యపడి, ఇంత నిశ్చయము నీకెట్లు కలిగెనని ప్రశ్నలు వేసెను. తీర్పు మాత్రము ఆ గ్రంథములో లేదు.

మాకు కన్‌ఫ్యూషియస్ మాటయే మనస్సునకు దగ్గరగా తోచును. నోవహు కుమారులును వెనుకకు నడిచి తండ్రి సిగ్గును కప్పిరి గదా. అయితే గొర్రెకు వెల కట్టి ఇచ్చివేయవచ్చును, లేదా రాత్రివేళ దానిని కాపరి దొడ్డిలో విడిచి రావచ్చును. గుంటలోని కూలివాని పక్షముగా ఏ కుమారుడు మాటలాడును? కలవారి యిండ్లలో కప్పిపుచ్చుట వలన ఎవరిమీద మన్ను పడుచున్నదో పల్లెలలో నున్న మన మెరుగనిది కాదు.

సౌలు దావీదును చంపజూచుచున్నాడని తెలిసినప్పుడు యోనాతాను తండ్రి ఆలోచనను దాచలేదు. పొలములో దావీదునకు తెలిపి పంపివేసెను (1 సమూయేలు 20). అయితే తాను దావీదుతోకూడ పోలేదు. తనమీద ఈటె విసరిన ఆ తండ్రి యొద్దకే ఒంటరిగా పట్టణమునకు తిరిగి వచ్చెను. గిల్బోవలో తండ్రి పడిన దినముననే అతడును పడెను.