ఆడపిల్ల యెవరి సొమ్ము?

2020వ సంవత్సరము అక్టోబరు నెలలో తనిష్క్ నగల సంస్థ ‘ఏకత్వం’ అను నగల వరుసకై యొక చిన్న ప్రకటనచిత్రమును వెలువరించెను. అందొక ముస్లిం అత్తగారు, హిందువైన తన కోడలికి ఆమె పుట్టింటి ఆచారము ననుసరించి సీమంతము జరిపించును. ఈ వేడుక మీ యింట లేదు గదా యని కోడలు విస్మయముతో నడుగగా, కూతురిని సంతోషపెట్టు నాచారము ప్రతి యింటను ఉండును గదా యని అత్తగారు బదులు చెప్పును. అంతమాత్రమునకే దేశమున గొప్ప కలకలము రేగెను. ఆ సంస్థ నగలను బహిష్కరింపుడని వేలకొలది జనులు పిలుపునిచ్చిరి. తన యుద్యోగుల, దుకాణముల సిబ్బంది క్షేమమును తలంచి, సంస్థ కొలది దినములలోనే చిత్రమును ఉపసంహరించుకొనెను.

మత్తిగిరివారి కిది దూరదేశపు వార్త కాదు. ఆ నగలకు మాతృసంస్థయైన టైటాన్ హోసూరుననే వేళ్లూనినది. గడియారములతో మొదలై నగలదాక వచ్చిన యా కర్మాగారములు మన యిరుగుపొరుగుననే యున్నవి. పైగా తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ ఒకే వీథిలో వినవచ్చు సీమ మనది. కావున ఈ వివాదమును మన యింటి విచారముగనే తలపోయవచ్చును.

నగలమ్ముకొనుటకు మతసామరస్యమును వాడుకొనుట యేమి యని కొందరు నిరసించిరి. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అయినను లోకమున సత్కార్యములన్నియు నిష్కామముగా జరుగుటలేదు. వేసవిలో చలివేంద్రము పెట్టించిన వర్తకుడు తన పేరును పందిటికి వ్రేలాడగట్టును; అంతమాత్రమున నీటి చల్లదనము తగ్గదు. కాని యా చలివేంద్రము ఎండ ముదిరిన నాడే మూతపడినచో, దానిని నమ్మి వచ్చిన బాటసారి గతి యేమి? ఉద్యోగుల క్షేమము చిన్న కారణము కాదు. అందుకై సంస్థను నిందింపలేము. వర్తకుని యౌదార్యమునకు హద్దు అచ్చట నున్నదని మాత్రము గ్రహింపవలెను.

రెండవ యాక్షేపణ యింతకంటె బలమైనది. ఇట్టి చిత్రములలో హిందూ కన్యయే ముస్లిం యింటి కోడలగుట యేల, దీనిని తారుమారు చేసి చూపుదురా యని పలువురు ప్రశ్నించిరి. సామరస్యమను పేర ఒక పక్షమే ఎల్లప్పుడును ఇచ్చుచుండవలె ననుట న్యాయము కాదు గనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినదే. ఆ చిత్రమున తన యాచారమును సడలించుకొన్నది అత్తింటివారే యని జవాబు చెప్పవచ్చును. కాని ప్రశ్న యడుగున మరియొక తలంపు దాగియున్నది. ఆడపిల్ల జాతి సొమ్మనియు, ఆమె వచ్చిన లాభమనియు, పోయిన నష్టమనియు నెంచు తలంపది. మన భాషలో ‘సొమ్ము’ అన్నచో నగయు నగును, ధనమును నగును. నగల ప్రకటనపై రేగిన కోపమున కన్యయే సొమ్మయిపోయినది. ఆమె యెవరింటికి పోయెనని యందరును అడిగిరి. ఆమె యిష్టమేమని యడిగినవారు అరుదు.

ఈ లెక్క ఎంతదూరము పోవునో 2019లో చూచితిమి. సర్ఫ్ ఎక్సెల్ వారి హోళీ ప్రకటనలో ఒక చిన్నారి బాలిక సైకిలుపై తిరిగి, పిల్లలు చల్లు రంగులన్నియు తన మీదనే చల్లించుకొనును. పిదప తెల్లని దుస్తులు ధరించిన ముస్లిం బాలుని మాపుపడకుండ మసీదుకు చేర్చును. అందు పెండ్లి లేదు, కోడలు లేదు. అయినను పసిబిడ్డల చెలిమియందును కొందరు కన్యాపహరణమునే చూచిరి. పేరు పోలికచే భ్రమించి, గణనకై వాడు మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌ను సైతము దూషించినవారు గలరు! ఆ ప్రకటనను సంస్థ ఉపసంహరింపలేదు. కోపమే క్రమముగా చల్లారెను.

సొమ్ము లెక్క తప్ప వేరు లెక్క లేదా? ఉన్నది; తెలుగునాటనే యున్నది. కడపలోని దేవుని కడపయందు వేంకటేశ్వరస్వామి యాలయమునకు ఉగాదినాడు ముస్లిములు పెద్దసంఖ్యలో వచ్చి పూజలు చేయింతురు. బీబీ నాంచారి స్వామికి భార్య యనియు, ఆమె తమ యింటి ఆడపడుచు గనుక స్వామి తమకు అల్లుడనియు వారి విశ్వాసము. ఇది చరిత్రయా, గాథయా యను విచారణ ఇచ్చట అప్రస్తుతము. పిల్ల దేవుని యింటికి పోయెనని వారు నష్టము వ్రాసికొనలేదు. చుట్టరికము కలిసెనని కానుకలతో వచ్చుచున్నారు. ఆ కథను మనము మురిసి చెప్పుకొందుము. కోడలు అటునుండి ఇటు వచ్చిన కథ మనకు భక్తి యైనపుడు, ఇటునుండి అటు పోయిన కథ ద్రోహ మెట్లగును? తూకపురాయి రెండు తట్టలకును ఒకటే కావలెను గదా!

కోపించుటకు ఎవరికైనను హక్కు కలదు. నచ్చని నగను కొనకుండుట నేరము కాదు. ప్రకటనను విమర్శించుటయు నేరము కాదు. కాని దుకాణమున నెలజీతమునకు నిలిచిన వానిని బెదరించుట విమర్శ కాదు. చిత్రమును వ్రాసినవాడును, తీసినవాడును అతడు కాడు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము మతము మార్చుకొనకయే ఇతర మతస్థులను పెండ్లాడుటకు వీలు కల్పించినది. ఆ చట్టమునకు వధూవరుల సమ్మతి ప్రధానము గాని, జాతుల లాభనష్టముల పట్టిక కాదు.

వర్తకుడు తన చిత్రమును ఉపసంహరించుకొనవచ్చును. ఉగాదికి అల్లుని చూడవచ్చు చుట్టములను మాత్రము ఎవ్వరును ఉపసంహరింపజాలరు. సామరస్యము ఇంటి యాచారమైనపుడే నిలుచును. కనుక మన వీథిలో ఇట్టి వివాహమొకటి జరిగినచో, ఎవరి పిల్ల యెవరింటికి పోయెనని లెక్క తీయుటకు ముందు, “అమ్మా, సుఖముగా నున్నావా?” యని యడుగుదము. పుట్టింటివారు అడుగు ప్రశ్న యదియే.