తగ్గిన అంకె ముందు

నెట్‌వర్క్ పర్యవేక్షణలో నా నిజాయితీకి అసలు పరీక్ష కౌంటర్ విలువ తగ్గినప్పుడే వస్తుంది. నెట్‌వర్క్ పరికరాలను గమనించే ప్రోటోకాల్ అయిన ఎస్‌ఎన్‌ఎంపీలో కౌంటర్ పెరగడమే తప్ప తగ్గదు. 32 బిట్లదైతే 4,294,967,295 దాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే కిందటి రీడింగు కంటే చిన్న అంకె కనిపిస్తే రెండు అనుమానాలు: చుట్టు తిరిగిందా, పరికరం రీస్టార్ట్ అయిందా?

చుట్టు తిరిగితే తేడాకు 4,294,967,296 కలిపితే లెక్క కుదురుతుంది. రీస్టార్ట్ అయితే అలా కలపడమంటే, రాని ట్రాఫిక్‌ను వచ్చినట్టు రాయడం. ఆ క్షణంలో నా మనసు ఎటు మొగ్గుతుందో గమనిస్తే కలవరంగా ఉంటుంది. గీత తెగకుండా ఉండే జవాబునే అది కోరుకుంటుంది. నాకు కావలసింది నిజమా, నునుపైన గ్రాఫా?

1999లో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2578 ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. కౌంటర్‌కు నిర్ణీత ప్రారంభ విలువ లేదు, కాబట్టి ఒక్క రీడింగు విడిగా దాదాపు ఏమీ చెప్పదు. కరెంటు బిల్లులాగే రెండు రీడింగుల తేడాకే అర్థం. మధ్యలో లెక్క తెగలేదని రూఢి చేసుకోవడం చదివేవాడి బాధ్యత. అందుకు, రీస్టార్ట్ తర్వాత గడిచిన సమయాన్ని చెప్పే సిస్‌అప్‌టైమ్‌ను చూస్తాం. అదీ 32 బిట్లదే, సెకనులో నూరో వంతు చొప్పున లెక్కిస్తూ సుమారు 497 రోజులకు తానూ సున్నాకు వస్తుంది. సాక్షిని కూడా ప్రశ్నించాల్సిందే! ఇంటర్‌ఫేస్ కౌంటర్లకు లెక్క ఎప్పుడు తెగిందో చెప్పే ప్రత్యేక విలువ ఉంది. రెండు రీడింగుల మధ్య అది మారితే ఆ తేడాను వదిలేస్తాను.

తగ్గిన అంకె కనీసం హెచ్చరిస్తుంది. నిండుగా నడిచే గిగాబిట్ లింకులో 32 బిట్ల బైట్ల కౌంటర్ దాదాపు 34 సెకన్లకే చుట్టు తిరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి చదివితే ఎన్ని చుట్లు పోయాయో తెలియదు. పైగా కొత్త అంకె పాతదానికంటే పెద్దదిగానే ఉండి, తప్పు లెక్కను ఒప్పులా చూపించవచ్చు. నన్ను భయపెట్టేది ఇదే. 64 బిట్ల కౌంటర్లు దీన్ని తీరుస్తాయి, టెరాబిట్ లింకులోనైనా ఒక చుట్టుకు దాదాపు ఐదేళ్లు పడుతుంది. కానీ ఎస్‌ఎన్‌ఎంపీ మొదటి వెర్షన్‌లో ఆ రకమే లేదు.

గ్రాఫులో ఖాళీ వదలడం నాకు అలవాటైంది. బిల్లింగ్ దగ్గరే మనసు తేలదు. నమూనా లేని ఐదు నిమిషాలకు సున్నా వేస్తే వాడకం లేదన్నట్టు, సగటు వేస్తే కొలవనిదాన్ని కొలిచానన్నట్టు. ప్రస్తుతానికి ఆ గడిని ఖాళీగానే ఉంచి, పక్కన కారణం రాస్తున్నాను.