రహస్య తీర్మానము చాలునా?



రేణిగుంటకు వచ్చు విమానములను తిరుచానూరు పిల్లలు తలలెత్తి చూచుచుందురు. వాటిని నడుపు పైలెట్టు పొగ త్రాగుట మానదలచిన యెడల, అది అతని స్వంత విషయమేనా?

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచనగును గనుక నష్టము హెచ్చును. రాత్రి చూపు మందగించును. కావున మానుట మేలే. అయితే మానిన తొలి దినములలో చిరాకు, నిద్రలేమి కలుగును, మనస్సు నిలువదు. మాన్పించు మందులలో వరెనిక్లిన్ అనుదానిని పైలెట్లు వాడరాదని 2008లో అమెరికా విమానయాన శాఖ నిషేధించెను.

దేవుడు రహస్యమందు చూచుచున్నాడు, మనుష్యులకు చెప్పనేల అందురేమో. ప్రార్థన రహస్యముగా ఉండవచ్చును. కాని వెనుక కూర్చున్నవారి ప్రాణములు మన చేతిలోనున్నప్పుడు మన బలహీనతను దాచుటకు మనకు హక్కు లేదు. అతడు వైద్యునికి చెప్పవలెను. అవసరమైన యెడల కొన్నాళ్లు విమానము నడుపుట మానవలెను. జీతము తగ్గునను భయము, చిన్నతనమను సిగ్గు నిజమైనవే. అయినను సిరియా సైన్యాధిపతియైన నయమాను పనిపిల్ల చెప్పిన మాటను దాచక తన రాజునకు తెలిపెను (2 రాజులు 5). స్వస్థతకు దారి అక్కడ తెరువబడెను.

మన సంఘములలో బస్సులు, ట్రాక్టర్లు నడుపువారు, బీడీ మానగోరువారు కలరు. అట్టివారు తమ సంగతి చెప్పుకొనిన దినమున వారిని ఎగతాళి చేయకుడని మేము సంఘమును వేడుకొనుచున్నాము. ఎగతాళికి వెరచియే అనేకులు దాచుకొందురు.