పుత్రవార్త: ఋణమా? దయయా?

కుమారుని యుద్ధమునకు బంపిన తల్లి, అతడు బ్రదికియున్నాడో లేదో చెప్పుడని సర్కారునడుగునప్పుడు, ఆమె యాచించుచున్నదా, లేక తనకు రావలసిన యప్పు నడుగుచున్నదా? ఈ ప్రశ్నకు మనమిచ్చు నుత్తరమును బట్టియే రాజ్యముయొక్క ధర్మమును, ఇరుగుపొరుగువారి ధర్మమును నిర్ణయమగును.

మన హైదరాబాదునకు సంబంధించిన దృష్టాంతమునే చూడుడు. 1941 డిసెంబరు 8వ తేదీని జపాను సేనలు మలయా దేశమున కోట భారు తీరమున దిగినప్పుడు, అచ్చటి విమానాశ్రయమును గాచుచుండినది నిజాము సంస్థానపు మొదటి హైదరాబాదు పదాతిదళము. 1942 ఫిబ్రవరి 15వ తేదీని సింగపూరు లొంగిపోగా వేలకొలది భారత సైనికులు చెరబడిరి. యుద్ధఖైదీలను గూర్చిన 1929 నాటి జినీవా యొడంబడికపై జపాను చేవ్రాలు చేసినను దానిని స్థిరపరుపలేదు. ఖైదీల వార్తలు వారి యిండ్లకు మిక్కిలి యాలస్యముగా జేరెను; కొందఱివి చేరనేలేదు. ఆ దళములోని యొక సైనికుని తల్లి పాతనగరమున షాలిబండలోనో, లాల్‌దర్వాజాలోనో యుండెననుకొందము. ఆమె హిందువైనను, మహమ్మదీయురాలైనను, తపాలావాడు వీథిమలుపు తిరిగినప్పుడెల్ల ఆమె గుండె యొక్కటే రీతిగా గొట్టుకొనును.

మృతుని తల్లికి దుఃఖము గలదు. దూరమున జీవించియున్నవాని తల్లికి నిరీక్షణము గలదు. జాడ తెలియనివాని తల్లికి ఈ రెండును బూర్తిగా లేవు. ఏడ్చినచో కుమారుని తానే చంపినట్లు తోచును; ఏడ్వకున్నచో చనిపోయినవానిని మఱచినట్లు తోచును. ఇట్టివారికొఱకే పూర్వులు ఆకులతో ప్రతిమ చేసి దహించు విధి నేర్పఱచిరి. ఏడు సంవత్సరములు వార్త లేనివాడు బ్రదికియున్నాడని రుజువుపఱచు భారమును, అట్లనువారిపైననే 1872 నాటి సాక్ష్యచట్టముంచెను. 2024లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టమును ఆ నియమమును నిలిపెను. ఆస్తి వ్యవహారములకు ఇది యవసరమే. అయినను ఏడేండ్ల లెక్క న్యాయస్థానమునకు జెల్లునుగాని తల్లి హృదయమునకు జెల్లదు.

“ముసలితల్లికి మరణవార్త చెప్పుట క్రౌర్యము గాదా? వచ్చునులే యని యూఱడించిన దోషమేమి?” అని కొంద ఱడుగుదురు. అట్టి కల్ల చెప్పువాడు, ఆమె కన్నీటిని జూడలేని తన బలహీనతనే కప్పిపుచ్చుకొనుచున్నాడు. ఆమెకు మిగిలిన దినములను, ఆమె యెఱుగకయే, తలుపు కడ కూర్చుండుటకు వ్యయపెట్టుచున్నాడు. ఇక సోదె చెప్పియు, తాయెతులు కట్టియు ఆమె యాశను నాణెములుగా మార్చుకొనువారిని గూర్చి చెప్పనేల?

“యుద్ధకల్లోలమున నందఱి జాడ నెట్లు చెప్పగలము?” అని యధికారులందురు. తెలియనిచో తెలియదని చెప్పవచ్చును. ఎచ్చట వెదకిరో, ఏమి దొరకెనో, ఏమి దొరకలేదో చెప్పవచ్చును. అదియు వార్తయే. 1914లో జినీవా పట్టణమున రెడ్‌క్రాసువారు నెలకొల్పిన కార్యాలయము, ఖైదీల జాడకై సుమారు 70 లక్షల చీటీలు వ్రాసియుంచెను. పూనిక యున్నచో సాధ్యమేయని యిది చాటుచున్నది. 1977 నాటి యంతర్జాతీయ యొడంబడిక, తమవారి గతిని దెలిసికొనుట కుటుంబములకు హక్కని యొప్పుకొన్నది. మన దేశము దానిలో జేరలేదు. 1965, 1971 యుద్ధములలో జాడ తప్పిన 54 మంది భారత సైనికుల సంగతి నేటికిని దేలలేదు. 2007లో వారి బంధువులు కొందఱు పాకిస్తాను చెరసాలలకు స్వయముగా బోయి, నిశ్చయమేమియు లేక మరలి వచ్చిరి.

సింగపూరులోని క్రాంజి స్మారకమున, ఎఱిగిన సమాధి లేని 24,000 మందికి పైగా యోధుల పేర్లు చెక్కబడియున్నవి. పేరు చెక్కినంత మాత్రమున పుత్రుడు తిరిగి రాడు. కాని ‘నీ కుమారుని మే మెఱుగుదుము, మఱువలేదు’ అను నుత్తర మొకటి తల్లికి దక్కును.

కావున చదువరులారా, పుత్రవార్త ఋణమే. తల్లియొద్ద పుత్రుని దీసికొనిన రాజ్యము, వానిని దిరిగి యీయజాలనప్పుడు వాని వృత్తాంతమునైన నీయవలెను. మన పాలికి వచ్చిన ఋణమును మనము తీర్పవలెను. చదువురాని తల్లికి అర్జీ వ్రాసిపెట్టుడు. కచేరీకి ఆమె వెంట నడువుడు. వచ్చిన జాబును ఉన్నదున్నట్లు చదివి వినిపింపుడు. ఆశ విడువుమనికాని, పెంచుకొమ్మనికాని ఆమెను నిర్బంధింపకుడు. ఆ నిర్ణయము ఆమెది.