యొర్దాను రేవునొద్ద అడిగిన మాట
(న్యాయాధిపతులు 12వ అధ్యాయము చదువుడి)

గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని ఒక్క మాట పలుకుమని అడిగిన సంగతి మీరెరుగుదురు. “షిబ్బోలెతు” అనలేక “సిబ్బోలెతు” అనినవాడు అక్కడనే చంపబడెను. పడినవారు 42,000 మంది. ఇరుపక్షములవారును ఇశ్రాయేలీయులే. మన పల్లెలలో వాక్యము చదువువాడు “శుభవార్త”ను “సుభవార్త” అన్నప్పుడు వెనుక వరుసలో నవ్వు పుట్టుట నేను విన్నాను. ఆ నవ్వు కూడ ఆ రేవునుండి వచ్చినదే.

దక్షిణ ఆఫ్రికా దేశపు జనులను, వారి భాషలను గూర్చి చదువుచుండగా ఆ రేవు నాకు మరల మరల జ్ఞాపకము వచ్చినది. ఆ దేశపు 1996 రాజ్యాంగము 11 భాషలను అధికార భాషలుగా అంగీకరించెను. 2023లో బధిరుల సంజ్ఞాభాష 12వది ఆయెను. 2022 జనాభా లెక్కలలో ఇంట జూలూ మాటలాడువారు నూటికి 24 మందికి పైగా, ఖోసా మాటలాడువారు 16 మందికి పైగా ఉండిరి. జూలూ, ఖోసా, స్వాతి, ఎన్‌డెబెలె ఒక కుదురు. త్స్వానా, సోతో, పేడి మరియొక కుదురు. డచ్చివారి భాషనుండి పుట్టిన ఆఫ్రికాన్సును మలచినవారిలో కేపు పట్టణపు బానిసలును ఉండిరి.

“ఖోసా” అను పేరును మనము సరిగా పలుకలేము. దాని మొదటి శబ్దము, బండివాడు ఎద్దులను అదలించుటకు నాలుక ప్రక్కన చేయు చప్పుడువంటిది. ఇట్టి చప్పుళ్లు వారి పూర్వికుల భాషలోనివి కావు. వారికంటె ముందు ఆ నేలమీద నివసించిన ఖోయి, సాన్ జనులవి. ఆ జనుల ఆడపిల్లలు కోడండ్రుగా వచ్చిరి. ఖోసావారిలో కోడలు మామగారి పేరును గాని, ఆ పేరును పోలిన మాటలను గాని పలుకరాదను ఆచారము కలదు. ఆ మాటలలోని అక్షరములకు బదులు వేరు శబ్దములు పెట్టుటవలన ఈ చప్పుళ్లు ఇంటిలో స్థిరపడెనని పండితులనేకులు తలంచుచున్నారు. భర్త పేరు చెప్పని మన అవ్వలకు ఇది వింతగా తోచదు. ఖోసావానిని గుర్తుపట్టుటకు మనము చెవియొగ్గు ఆ శబ్దమే పరజనులు ఇచ్చినదాయెను!

ఇక మనవంటి సంఘస్థులకు కష్టమైన భాగము. లండను మిషనుకు చెందిన రాబర్టు మొఫత్ కురుమానులో నివసించి, 1857 నాటికి త్స్వానా భాషలో బైబిలు అంతటిని ముద్రించెను. 1833లో మొషూషూ రాజునొద్దకు వచ్చిన పారిసు మిషనువారు సోతో భాషను వ్రాతలో పెట్టిరి. తరువాత బెర్లిను మిషనువారు పేడి భాషకు ఆ పని చేసిరి. ఈ మూడింటిని మాటలాడువారు ఒకరి మాట నొకరు చాలవరకు గ్రహింతురు. గాని మిషనులు మూడు గనుక వ్రాతపద్ధతులు మూడు, బైబిళ్లు మూడు ఆయెను.

1948లో వర్ణభేద ప్రభుత్వము వచ్చినది. నీ భాష నీకు మంచిది, నీ భాషలోనే చదువుము, నీ భాషవారి సీమయే నీ దేశము అని నల్లవారితో పలికెను. ఎంత తీయని మాట! త్స్వానావారికి బోఫుతత్స్వానా, పేడివారికి లెబోవా, సోతోవారికి క్వాక్వా అని సీమలు ఏర్పరచి, 1970 చట్టముచేత నల్లవారినందరిని ఆ సీమల పౌరులుగా ఎంచెను. నిజముగా భాషయే కారణమైతే ఖోసావారికి ఒక్క సీమ చాలును; వారిని ట్రాన్స్‌కై, సిస్కై అని రెండుగా చీల్చిరి. మరల ఆ ప్రభుత్వమే పాఠములలో కొన్ని ఆఫ్రికాన్సులో చదువవలెనని బలవంతము చేయగా, 1976 జూను 16న సొవెటో బడిపిల్లలు వీధులలోనికి వచ్చిరి. పోలీసులు కాల్చిరి.

అట్లయిన మొఫత్ తప్పు చేసెనా? తల్లి నోటి మాటలో వాక్యము విన్నవాని సంతోషమును ఎరిగిన నేను ఆ మాట అనలేను. అయితే మిషనువారు పూర్తిగా నిర్దోషులనియు అనలేను. ఒకరి పొలములో ఒకరు విత్తకూడదని వారు గట్లు వేసికొనిరి. ఆ గట్లమీదనే తరువాతివారు గోడలు కట్టిరి. ఒక్క భేదము మాత్రము నాకు స్పష్టము. మొఫత్ రేవునకు వెళ్లినది తాను ఆ మాట నేర్చుకొనుటకు. కావలివాడు నిలిచినది ఎదుటివానిచేత పలికించి తప్పుపట్టుటకు.

మనవారును ఆ రేవులో నిలిచినవారే. 1860 మొదలుకొని నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారుండిరి. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘముల పక్షమున జాన్ రంగయ్యగారు అక్కడికి వెళ్లి, వారికి తెలుగులో బోధించి సంఘము కట్టిరి. ఆ కూలీల సంతతివారిలో ఎక్కువమంది ఇండ్లలో ఇప్పుడు ఇంగ్లీషే. అయినను 1996 రాజ్యాంగము గౌరవింపవలసిన భాషలలో తెలుగు పేరును కూడ వ్రాసెను.

2000 సంవత్సరమున ఆ దేశము క్రొత్త రాజముద్రను చేయించినప్పుడు, దానిమీది వాక్యమును 12 భాషలలో దేనిలోను వ్రాయలేదు. సాన్ జనులలో ఒక తెగవారి ఖామ్ భాషలో వ్రాసిరి. వేర్వేరు జనులు ఏకమగుట అని దాని భావము. ఆ భాషను తల్లియొద్ద నేర్చినవారు నేడు ఒక్కరును లేరు. 1870 తరువాత కేపు పట్టణములో ఖైదీలుగా వచ్చిన కొందరు ఖామ్ జనులు చెప్పగా ఇద్దరు పండితులు వ్రాసికొన్న పుటలలో అది మిగిలినది. ఆ ముద్రయెదుట జూలూవాడును, ఆఫ్రికాన్సువాడును, మన తెలుగువాడును నాలుక తిరుగక నిలువవలసినదే.